గోరు దూరాలి, వేలు దూరకూడదు

ఆ మంగళవారం పొద్దున కంగారమ్మ మనసులో వేసుకున్న పనుల వరసలో కారు అన్న మాటే లేదు. ముందు చంటిదానికి నీళ్లు పోయాలి. అది పడుకోగానే బట్టలు ఉతకాలి. అవి ఆరేలోగా వంట, అది లేచేలోగా తనకో నాలుగు ముద్దలు. అంతే. ఇందులో ఎవరి కొంపా ముంచే పని ఒక్కటీ లేదు.

కంగారమ్మ అసలు పేరు వేరే ఉంది. పెళ్లయిన కొత్తలో కుక్కర్ ఈల వేస్తే పేలిపోతోందనుకుని వీధిలోకి పరుగెత్తిన రోజున మొగుడు పెట్టిన పేరిది. చంటిది పుట్టాక పేరు మరీ స్థిరపడిపోయింది. చంటిది దగ్గితే భయం, దగ్గకపోతే ఇవాళ ఎందుకు దగ్గలేదని భయం. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి కావడాన, తనకు తెలియనిదేదో లోకంలో అందరికీ తెలుసనీ, ఎప్పుడో ఒకరోజు దానివల్లే అందరి ముందూ తల వంచుకోవాల్సి వస్తుందనీ ఆమెకు గట్టి నమ్మకం.

వాళ్లు ఉండే రెండు గదుల ముందు ఒక వాకిలి, వాకిలికి అవతల మేస్త్రీగారి షెడ్డు. అక్కడ పాత కార్లకు ఫైబర్ ఒళ్లు తొడుగుతారు. అచ్చులో ఫైబర్ పట్టి పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, తలుపో రెక్కో బానెట్టో తీసేది మేస్త్రీ. వాటిని కారుకు అతికినట్టు బిగించేది కంగారమ్మ మొగుడు. ఊళ్లో అతన్ని అందరూ ఫిట్టర్ అనే పిలుస్తారు. ఇప్పుడు షెడ్డులో ఉన్నది ఒక పళ్ల డాక్టరుగారి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. డాక్టరుగారి కన్నా పదేళ్లే చిన్నది. పదకొండేళ్లుగా దాని అస్థిపంజరం ఆయన ఇంట్లోనే పడి ఉంది. తలుపులూ వెనక భాగమూ ఫిట్టర్ బిగించేశాడు. ఇక మిగిలింది బానెట్. ముక్కూ రెక్కలూ అన్నీ కలిసి ఒకే ముక్కగా ఉండే పెద్ద బానెట్.

"ఒరేయ్, బానెట్ చుట్టూ సందులో గోరు దూరాలి, వేలు దూరకూడదు," అన్నాడు మేస్త్రీ. "అట్లా కూర్చోబెట్టావా, షెడ్డు తాళం నీ చేతికిచ్చి నేను ఇంట్లో కూర్చుంటా."

ఆ మాట విన్నప్పటి నుంచి ఫిట్టర్ నిద్రలో కూడా గోరుతో దుప్పటి అంచులు తడుముతున్నాడు. ఎనిమిదేళ్లు మరొకరి చేతికింద పనిచేసినవాడికి తాళంచెవి అంటే మాటలు కాదు.

మంగళవారానికి ఆ బానెట్ అచ్చులోంచి బయటపడి మూడు రోజులు. కొత్తగా తీసిన ఫైబర్ ముక్క చూడటానికి గట్టిగా ఉన్నా లోపల ఇంకా పచ్చిదే. అందుకని దాని ఒంపుకు సరిపోయేట్టు చేసిన చెక్క గుర్రం మీద ఏడు రోజులు కదల్చకుండా ఉంచాలని మేస్త్రీ నియమం. ఈ నియమం కంగారమ్మ విన్నది. కానీ మేస్త్రీ డాక్టరుగారితో అన్న మరో మాట కూడా విన్నది. "పడవలు చేసే సరుకు సార్ ఇది! నలభై ఏళ్లు నీళ్లలో నానినా చెక్కుచెదరదు."

ఆ పొద్దున మొగుడూ మేస్త్రీ బానెట్ తెరిచి మూసే బందులు తేవడానికి బజారుకెళ్లారు. నీళ్లు సలసల కాగుతున్నాయి. బట్టలు విప్పిన చంటిది చంకలో ఉంది. అప్పుడు చూసింది కంగారమ్మ, ప్లాస్టిక్ టబ్బు అడుగున అటు నుంచి ఇటు దాకా పగులు. నిన్న దణ్ణెం కట్టడానికి దాన్ని బోర్లించి ఎక్కింది తనే. బకెట్లో కూర్చోబెడదామంటే జారిపోతుందని భయం. నేల మీదంటే చలి చేస్తుందని భయం. నీళ్లు పోయడం మానేద్దామంటే మొగుడి ఒంటి మీది ఫైబర్ పొడి పిల్లకు అంటి దురద పెడుతుందని అన్నిటికన్నా పెద్ద భయం. ఈ మూడు భయాల మధ్య నిలబడి చూస్తే ఎదురుగా, గుర్రం మీద, నిగనిగలాడుతూ బానెట్. తిరగేస్తే ఎంత లక్షణమైన తొట్టి! దీపాల కంతలు కూడా ఇంకా కోయలేదు.

పడవలు చేసే సరుకు. నలభై ఏళ్లు నానినా ఏమీ కానిది అరగంటకేమవుతుంది?

చంటిదాన్ని దింపి, రెండు ఇటుకలు పెట్టి, ఫైబర్ తేలికే కాబట్టి ఒక్కతే వాటి మీద బానెట్‌ను వెల్లకిలా పడుకోబెట్టింది. లోపలి వైపు గరుకు గుచ్చుకోకుండా పాత బొంత, దాని మీద చంటిది పడుకునే రబ్బరు షీటు పరిచింది. ముందు కాగిన నీళ్లు గుమ్మరించి, తర్వాత చన్నీళ్లు తొలిపి, మోచెయ్యి పెట్టి చూసి, చంటిదాన్ని హెడ్‌లైట్ వచ్చే చోట ఉన్న దీపం గుంటలో కూర్చోబెట్టింది. ఆ గుంట దాని కోసమే చేసినట్టుంది. పుట్టిన పది నెలల్లో నీళ్లు పోసేటప్పుడు చంటిది ఏడవనిది ఆ ఒక్క రోజే. కేరింతలు కొట్టింది. నీళ్లు చరిచింది. వేడి చల్లారినప్పుడల్లా కంగారమ్మ అవతలి మూల నుంచి మరో చెంబు వేడినీళ్లు పోసింది. తనకూ తెలివి ఉందని ఆమెకు అనిపించిన అరగంట అది.

నీళ్లు వంచేసి, తుడిచి, మళ్లీ గుర్రం మీద పెట్టేసరికి బానెట్ ఒక మూల కొంచెం కుంటింది. కుంటే బల్ల కాలి కింద ఏం పెడతామో అదే పెట్టింది. నాలుగు మడతలు వేసిన అట్టముక్క. కుంటడం ఆగిపోయింది. తీసిన జాడ తెలియకుండా పెట్టేస్తే తీయనట్టే కదా అనుకుని బట్టలు ఉతకడానికి వెళ్లిపోయింది.

శనివారం ఏడో రోజు. పొద్దున్నే డాక్టరుగారు వచ్చేశారు. ఆయన ఎక్కడికొచ్చినా జేబులో పన్ను చూసే చిన్న అద్దం పుల్ల ఉంటుంది. దాన్ని తలుపు సందుల్లో పెట్టి "ఊఁ... ఊఁ..." అంటుంటే కారు నోరు తెరుచుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఫిట్టర్, మేస్త్రీ చెరో పక్కా పట్టుకుని బానెట్‌ను గుర్రం మీంచి ఎత్తారు. గుర్రం కింద రాలిన అట్టముక్కను ఎవరూ పట్టించుకోలేదు, గుమ్మంలో నిలబడ్డ కంగారమ్మ తప్ప.

బానెట్‌ను కారు మీద దించారు. ముందు బాగుంది. కుడివైపు బాగుంది. ఎడమవైపు వెనక మూల దగ్గర ఫిట్టర్ గోరు పెట్టాడు. గోరు వెళ్లింది. గోరు వెనకే వేలు వెళ్లింది. వేలు వెనక చెయ్యి కూడా వెళ్తుందేమోనన్నట్టు అతను వేలు వెనక్కి లాక్కున్నాడు.

డాక్టరుగారు అద్దం పెట్టి చూసి, పన్ను పీకాల్సి వస్తుందని రోగితో చెప్పే గొంతుతో, "ఒక వేలు," అన్నారు.

కంగారమ్మ కళ్లు గుర్రం కింది అట్టముక్క మీదే ఉన్నాయి. రేపు పదింటికి డాక్టరుగారి భార్య కారు చూడటానికి వస్తోంది. పదకొండేళ్లుగా "అది నడిచే రోజున నేను ఎగురుతా" అంటున్న మనిషి. చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. కానీ ఏమని? తాళంచెవి ఆశపడుతున్న మొగుడి బానెట్‌లో పిల్లకు నీళ్లు పోశానని ఏ నోటితో చెప్పడం? తేలు కుట్టిన దొంగలా లోపలికెళ్లి, అవసరం లేకపోయినా టీ పెట్టింది.

మొదట మొగుడు వచ్చాడు, వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఏమే, ఒక మాట చెప్తాను, గురువుగారితో అనకు. బందుల కన్నాలు నిన్ననే వేసేశాను. బానెట్ కూర్చోబెట్టి గుర్తు పెట్టాకే వెయ్యాలి. ఆగలేకపోయాను. తాళంచెవి కళ్ల ముందు ఊగుతుంటే చెయ్యి ఆగలేదు. నా ఆత్రమే నన్ను ముంచింది."

"అది కాదండీ, అసలు ఆ రోజు..."

"నువ్వేం సర్దిచెప్పకు. నీ మనసు నాకు తెలుసు," అని కళ్లు తుడుచుకుని వెళ్లి, ఎవరూ చూడకుండా ఎడమ బందును ఒక కన్నం కిందికి జరిపాడు.

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. మంచినీళ్లడిగాడు. గ్లాసు చేతిలో ఉంచుకుని తాగడం మర్చిపోయాడు.

"అమ్మాయ్, రెజిన్‌లో గట్టిపడే మందు కొలిచి పొయ్యాలి. ముప్పై ఏళ్ల నుంచీ కంటితోనే పోస్తున్నా. ఏం, నాకు కొలత కావాలా అని పొగరు. ఈసారి తక్కువ పడి ఉంటుంది. ముక్క మెత్తగా వాలిపోయింది. పాపం వాడు తన కన్నాలు తప్పనుకుని ఏడుస్తున్నాడు. వాడితో ఎట్లా చెప్పను తల్లీ?"

"బాబాయిగారూ, తప్పు మీది కాదు, మంగళవారం..."

"పెద్దవాణ్ణని అట్లా అంటున్నావు. నాకు తెలుసు," అంటూ వెళ్లి, ఎవరూ చూడకుండా ఎడమ మూల మీద రెండు ఇసుక మూటలు పెట్టాడు.

సాయంత్రం డాక్టరుగారు వచ్చారు. వాకిట్లో ఆరేసిన పిల్ల బట్టలకు చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టారు.

"చూడమ్మా, మన మధ్యే ఉండాలి. పదకొండేళ్ల కిందట ఈ కారు వెనక్కి తీయబోయి ముందుకు పోనిచ్చాను. గేటు స్తంభం విరిగింది. మా ఆవిడతో ఇంజన్ పాడైందని చెప్పి, విప్పించి గదిలో పెట్టించాను. చట్రం వంకర పోయిందో ఏమో. పాపం వాళ్లిద్దరూ తమ పనే తప్పనుకుంటున్నారు. మరి స్తంభం సంగతి బయటపెడితే ఇంట్లో నా సంగతి?"

కంగారమ్మ నోరు తెరిచింది. డాక్టరుగారు అలవాటు కొద్దీ ఆ నోట్లోకి చూశారు. ఆమె మూసేసింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే సామెత ఆమెకు చిన్నప్పుడే తెలుసు. ముగ్గురు మగవాళ్లు వరసగా వచ్చి భుజాలు తడుముకుంటుంటే అసలు దొంగ టీ పోస్తూ ఓదార్చడం మాత్రం సామెతలో లేదు. చంటిది కూడా ఆ రోజంతా ఆమె ముఖంలోకి అదో రకంగా చూసినట్టనిపించింది.

ఆదివారం పదింటికి డాక్టరుగారి భార్య దిగింది. తెల్లజుట్టు, నిటారు నడుము, రిటైరైన లెక్కల టీచరు. ఆమెను చూడగానే కంగారమ్మకు ఎనిమిదో తరగతి మొత్తం గుర్తొచ్చింది. కుర్చీ వేశారు. ఆమె కారును పైకీ కిందికీ చూసింది.

"ఆ మూటలెందుకు?"

మేస్త్రీ ఉలిక్కిపడి మూటలు తీశాడు. ఎడమ మూల మళ్లీ వేలెడు లేచింది. బందు జరిపినందుకు కుడివైపు బాగున్నది కాస్తా తలుపుకు రాసుకుంటోంది. ఉన్న వంకర ఉండగా కొత్త వంకర చేరింది.

డాక్టరుగారు ఏదో ఒకటి చేయాలని వంగి, అద్దం పుల్లతో దీపం గుంట లోపలంతా వెతికి, గోటితో ఒక గులాబీ రంగు ముక్కను గీకి తీశారు. "ఇదేంటిది, పంటి చిగురులా మెత్తగా ఉంది?"

"చూశారా!" అన్నాడు మేస్త్రీ. "గట్టిపడని రెజిన్! నా చెయ్యి పోయిందండీ. ముప్పై ఏళ్లు చేశాను, ఇక చాలు. ఇవాళ్టితో షెడ్డు మూసేస్తా." మొలలోంచి తాళంచెవి తీశాడు, ఇవ్వడానికి కాదు, తాళం వేయడానికి.

"గురువుగారూ, మీరెందుకు మూయడం? వెళ్లాల్సింది నేను," అన్నాడు ఫిట్టర్.

"ఎవరూ వెళ్లొద్దు. ఈ కారునే తుక్కుకు వేసేస్తా," అన్నారు డాక్టరుగారు.

చంటిదాన్ని ఎత్తుకుని మూలన నిలబడ్డ కంగారమ్మకు ఆ గులాబీ ముక్క చంటిదాని సబ్బని తెలుసు. ముగ్గురు మంచివాళ్లు తన సబ్బుముక్క మీద జారి పడిపోతున్నారని కూడా తెలుసు. ఇక ఆగలేకపోయింది. ఆమెకు నిదానంగా మాట్లాడటం రాదు. వస్తే ఆ పేరే వచ్చేది కాదు.

"ఆపండి! మీ ఎవరి తప్పూ లేదు! బాబాయిగారు మందు కొలవకుండా కంటితో పోసినందుకు కాదు, మా ఆయన ఆగలేక కన్నాలు ముందే వేసేసినందుకూ కాదు, డాక్టరుగారు గేటు స్తంభాన్ని గుద్దేసి ఇంజన్ పాడైందని అమ్మగారికి అబద్ధం చెప్పినందుకూ కాదు! అది సబ్బు! నేను బానెట్ తిరగేసి చంటిదానికి నీళ్లు పోశాను! వేడినీళ్లు! పడవలు చేసే సరుకన్నారు కదా అని! కుంటుతుంటే అట్టముక్క పెట్టాను! నేనే, నేనే!"

చెప్పడం అయిపోయాక గానీ, తను ఒక్క తప్పు కాదు, నాలుగు తప్పులు చెప్పేసిందని ఆమెకు తెలియలేదు.

మేస్త్రీ ఫిట్టర్ వైపు చూశాడు. "కన్నాలు ముందే వేశావా?"

ఫిట్టర్ మేస్త్రీ వైపు చూశాడు. "కంటితో పోశారా?"

డాక్టరుగారు ఎవరి వైపూ చూడలేదు.

"ఏ స్తంభం?" అంది లెక్కల టీచరు.

షెడ్డులో నలుగురికి నలుగురూ నేల చూపులు చూశారు. ఆ నేల మీద చూడదగ్గదేమీ లేదు. ఒక్క చంటిది మాత్రం బానెట్‌ను గుర్తుపట్టి, రెండు చేతులూ చాచి, నన్ను అందులో పెట్టమని కేకలు మొదలుపెట్టింది.

ఆ వారం ఆ వాకిట్లో అంత మర్యాద ఎన్నడూ లేదు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు, అనే మొహం ఎవరికీ లేక. ఫిట్టర్ అన్నం తిని చెయ్యి కడుక్కునేటప్పుడు ఒక్కసారి మాత్రం, "బకెట్ లేదా ఇంట్లో?" అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది కంగారమ్మకు. రెండు రోజులు వాకిలి వైపు కిటికీ తెరవలేదు. మేస్త్రీ మళ్లీ అచ్చు సిద్ధం చేశాడు. ఈసారి మందును గీతల గ్లాసుతో, మందులషాపువాడి కన్నా జాగ్రత్తగా కొలిచాడు. ఫిట్టర్ బందులు విప్పి పక్కన పెట్టాడు. కొత్త బానెట్ అచ్చులోంచి వచ్చింది. ఏడు రోజులు ఆగే ధైర్యం ఎవరికీ లేదు. మూడో రోజునే డాక్టరుగారూ భార్యా వచ్చారు. గుర్రం మీంచి ఎత్తి, ఒకసారి ఆనించి చూద్దామనుకున్నారు.

ముందు బాగుంది. కుడివైపు బాగుంది. ఎడమ వెనక మూల దగ్గర ఫిట్టర్ గోరు పెట్టాడు. వేలు వెళ్లింది. దాని పక్కన రెండో వేలు కూడా వెళ్లింది.

"రెండు వేళ్లు," అన్నారు డాక్టరుగారు.

తలుపు చాటు నుంచి చూస్తున్న కంగారమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నేను ముట్టుకోలేదు! ఒట్టు! దాని దరిదాపులకు కూడా రాలేదు!"

మేస్త్రీ దారం తెచ్చాడు. చట్రానికి ఈ మూల నుంచి ఆ మూలకు లాగి పట్టాడు, మళ్లీ ఆ మూల నుంచి ఈ మూలకు పట్టాడు. చాలాసేపు చూశాడు. లేచి డాక్టరుగారి ముందు నిలబడ్డాడు.

"సార్, వంకర చట్రంలోనే ఉంది. ఆ స్తంభం రాతిదా, ఇటుకదా?"

"రాతిది," అంది భార్య. "నాకు ఆ రోజే తెలుసు. పాడైన ఇంజన్ గేటు స్తంభాన్ని విరగ్గొట్టదు కదా. ఎప్పుడు చెప్తారా అని పదకొండేళ్లు లెక్కపెడుతున్నాను." తనే వచ్చి సందులో రెండు వేళ్లు పెట్టి చూసింది. "పోయినసారి ఒక వేలు. ఈసారి రెండు. అంటే వేడినీళ్లకు పచ్చి ముక్క చట్రం వంకర వైపే వంగింది, నీళ్లు పోసిన అమ్మాయి తప్పును సగానికి తగ్గించింది. లెక్క సరిపోయింది."

షెడ్డులో అందరూ కంగారమ్మ వైపు తిరిగారు. ఆమె అలవాటు కొద్దీ తల వంచుకుంది.

"అమ్మాయ్," అన్నాడు మేస్త్రీ, ముప్పై ఏళ్లలో ఎవరినీ అడగని గొంతుతో, "ఆ రోజు నీళ్లు ఎంత వేడి?"

వెటకారమనుకుని ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పయిపోయింది బాబాయిగారూ. ఇంకెప్పుడూ..."

"అది కాదే," అన్నాడు మొగుడు. ఆ శనివారం తర్వాత అతని మొహంలో నవ్వు అదే మొదలు. "ఇటుకలెక్కడ పెట్టావు? అది చెప్పు. ఈ ముక్క ఇంకా పచ్చిగానే ఉంది. అప్పుడు ఒక వేలు తగ్గితే, రెండుసార్లు పోస్తే సరి!"

కంగారమ్మ కొంగు బిగించింది. ఇటుకలు చూపించింది, "కొంచెం ఇటు, ఇంకొంచెం" అని మేస్త్రీగారి చేత జరిపించింది. బొంత, షీటు తనే పరిచింది. మొగుడు కాగిన నీళ్లు మోశాడు, డాక్టరుగారు చన్నీళ్లు మోశారు. "తొందరపడకండి, ఆ మూల నుంచి పొయ్యాలి," అని ఆమె అంటుంటే ముగ్గురూ "ఆ, ఆ" అన్నారు. వేడి తగ్గాక మోచెయ్యి పెట్టి చూసి చంటిదాన్ని దీపం గుంటలో దించింది. పిల్ల అవసరం అందులో లేదని ఫిట్టర్ అనబోతే మేస్త్రీ కసిరాడు. "నోర్ముయ్‌రా. పోయినసారి ఎట్లా చేసిందో అట్లాగే చెయ్యాలి. అందులో ఏది పనిచేసిందో నీకు తెలుసా, నాకు తెలుసా?"

మర్నాడు మళ్లీ అంతే. అట్టముక్క కూడా పెట్టారు. ఏడో రోజు బానెట్‌ను కారు మీద దించారు. లెక్కల టీచరు వంగి ఎడమ మూల దగ్గర గోరు పెట్టింది. గోరు దూరింది. వేలు పెట్టింది. దూరలేదు.

మేస్త్రీ తాళంచెవి తీసి ఫిట్టర్ చేతిలో పెట్టాడు. ఫిట్టర్ దాన్ని భార్య చేతికిచ్చాడు. ఎక్కడ పోగొడతానో అన్న భయంతో ఆమె సాయంత్రందాకా గుప్పిట విప్పలేదు.

ఆ షెడ్డు గోడ మీద మేస్త్రీ సుద్దముక్కతో రాసే పనుల వరసలో ఇప్పుడు గుర్రం ఎక్కించడానికీ బందులు బిగించడానికీ మధ్య ఇంకో పని చేరింది: చంటిదానికి నీళ్లు, అవసరాన్ని బట్టి.